చలికాలంలో స్పోర్ట్స్ కారు: నడపాలా, షెడ్డులో పెట్టాలా? నల్లగొండ, పాలమూరు రోడ్లకు సరిపోయే ఎంపిక

ముందు తీర్పు చెప్పేసి తర్వాత లెక్కల్లోకి వెళ్దాం. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు చలికి భయపడి దాన్ని నిలిపేయాల్సిన పని లేదు. ఏడాది మొత్తంలో ఆ కారుకు నప్పే నెలలు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరే. నిలపాల్సిన రోజులంటూ ఉంటే అవి నవంబరు మొదటి నుంచి డిసెంబరు నడిమి దాకా, అది కూడా ఊళ్ల మధ్య సింగిల్ రోడ్ల మీద. అప్పుడు కూడా కారణం చలి కాదు, వరి కోతలు.

చలికాలం రాగానే స్పోర్ట్స్ కారును లోపల పెట్టేయాలన్న మాట మనకు షికాగోలోనో టొరంటోలోనో ఉన్న బంధువుల నుంచి, అక్కడివాళ్లు తీసే వీడియోల నుంచి వచ్చింది. అక్కడ అది సరైన మాటే. రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు అడుగున అతుకుల్లోకి, బ్రేకు పైపుల మీదికి, సస్పెన్షన్ బోల్టుల్లోకి చేరి కొన్నేళ్లలోనే ఇనుమును తినేస్తుంది. రెండో కారణం టైర్లు. స్పోర్ట్స్ కార్లకు వచ్చే వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఇక మంచుగడ్డ మీద వెనక చక్రాలకు శక్తి పంపే బలమైన ఇంజిన్‌ను అదుపు చేయడం ఎవరికైనా కష్టమే.

మన దగ్గర వీటిలో ఒక్కటీ వర్తించదు. నల్లగొండలో, పాలమూరులో చలి ముదిరిన తెల్లవారుజామున కూడా సాధారణంగా పది డిగ్రీల కిందికి పోదు, పొద్దెక్కితే ఇరవై ఎనిమిది దాకా వస్తుంది. టైరుకు ఇది ఇబ్బందే కాదు. ఒక్క మినహాయింపు ఉంది: రేస్ ట్రాక్ కోసం చేసిన సెమీ స్లిక్ టైర్లు. అవి వేడెక్కితే తప్ప పట్టు ఇవ్వవు. పొద్దున బయల్దేరిన మొదటి పది కిలోమీటర్లు వాటి మీద మామూలు కారు కంటే మెల్లగా పోవాలి.

ఇంజిన్‌కు, టైరుకు చలి చేసే మేలు

గాలి చల్లబడితే చిక్కబడుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలితో పోలిస్తే డిసెంబరు పొద్దున 15 డిగ్రీల గాలి సుమారు 9 శాతం చిక్కగా ఉంటుంది. టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి స్ట్రోకులో అంత ఎక్కువ ఆక్సిజన్ అందుతుంది. టర్బో ఇంజిన్‌లో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తేలిగ్గా పనిచేస్తుంది, నాకింగ్ (పెట్రోలు వేళకు ముందే భగ్గుమనడం) భయంతో కంప్యూటర్ ఇగ్నిషన్‌ను వెనక్కి లాగడం తగ్గుతుంది. ఎండాకాలంలో మొద్దుబారినట్టు అనిపించిన కారు చలికాలంలో చురుగ్గా ఉందంటే అది భ్రమ కాదు. రోడ్డు ఉపరితలం కాలిపోదు కాబట్టి టైర్ల అరుగుదల, బ్రేకు ఆయిల్ మీద ఒత్తిడి కూడా తక్కువే.

బ్యాటరీ విషయంలో మన దగ్గర అందరూ తలకిందులుగా అనుకుంటారు. చలికి బ్యాటరీ చస్తుందని కాదు, ఎండాకాలపు వేడిలో లోపల పాడైపోయిన బ్యాటరీ చలికాలం పొద్దున బయటపడుతుంది. అందుకే నవంబరులోనే వోల్టేజీ చూడాలి. రాత్రంతా నిలిపిన కారులో, తలుపు తెరిచి లైట్లు ఆరిపోయాక 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2కు దిగితే సగం పోయినట్టు, చార్జింగ్ పెట్టి మళ్లీ చూడాలి. ఏజీఎం రకం (ఆమ్లాన్ని గాజు పీచు పొరల్లో ఇమిడ్చిన బ్యాటరీ) అయితే నిండుగా ఉన్నప్పుడు 12.8 దాటి ఉంటుంది.

ఇంజిన్ ఆయిల్ మార్చి చలికాలం ఆయిల్ పోయాలని ఏ మెకానిక్ అయినా చెబితే ఒప్పుకోకండి. ఆయిల్ డబ్బా మీది 0డబ్ల్యూ, 5డబ్ల్యూ అన్న గుర్తులు సున్నాకు చాలా కింద ఇంజిన్ తిరగడానికి సంబంధించినవి. 10డబ్ల్యూ ఆయిల్‌ను కూడా మైనస్ 25 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. కంపెనీ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే ఏడాదంతా. చలికాలంలో మారాల్సింది మీ కాలు. కూలెంట్ ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి మరో ఐదు పది నిమిషాలు పడుతుంది. ఆయిల్ టెంపరేచర్ చూపే కారైతే 80 డిగ్రీలు దాటేదాకా 3,000 ఆర్పీఎం మించొద్దు. నిలబెట్టి ఐడిల్‌లో పావుగంట వేడిచేయడం వృథా. స్టార్ట్ చేసిన అరనిమిషానికి మెల్లగా కదిలించడమే మేలు.

టైరు గాలి మాత్రం తప్పనిసరిగా చూడాలి. ఎండాకాలంలో 42 డిగ్రీల పూట 34 పీఎస్ఐ నింపి మర్చిపోయిన టైరులో, ఏ లీకేజీ లేకపోయినా, 15 డిగ్రీల పొద్దున 30కి దగ్గరగా ఉంటుంది. సుమారుగా ప్రతి 6 డిగ్రీల తగ్గుదలకు ఒక పీఎస్ఐ పోతుంది. స్పోర్ట్స్ కారులో ఇది మైలేజీ వరకే ఆగే సమస్య కాదు. 275/35 టైరు పక్కగోడ ఎత్తు 96 మిల్లీమీటర్లే, మామూలు కారు 185/65 టైరుకు 120. ఆ పొట్టి పక్కగోడలో గాలి తగ్గితే గుంతలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా అల్లాయ్ రిమ్ముకు తగులుతుంది. గాలి పొద్దున్నే, కారు కదలకముందు, సొంత గేజీతో చూసుకోవాలి. బంకు దాకా నడిపి చూస్తే రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది.

అసలు ప్రమాదం రోడ్డు మీద ఉంది

కారుకు ఇంత అనుకూలమైన కాలమే రోడ్డుకు వచ్చేసరికి కష్టంగా ఎందుకుంటుందంటే, చలికాలం మొదటి సగం వానకాలం పంట ఇంటికొచ్చే కాలం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు, జూరాల కింద గద్వాల, ఆత్మకూరు వైపు నవంబరులో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోస్తారు. రైతుకు కల్లం లేదు, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి దిగితేనే తీసుకుంటారు, కాబట్టి తారురోడ్డే దిక్కు. దీన్ని తిట్టుకొని లాభం లేదు, తెలుసుకొని నడపాలి.

తారు మీద పలచగా పరచుకున్న వడ్లు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి. బ్రేకు వేస్తే ఏబీఎస్ గిర్రుమంటూ పనిచేస్తుంది గానీ కారు ఆగదు. వెడల్పు టైరు ఉంటే పట్టు ఎక్కువన్న లెక్క ఇక్కడ తప్పు. ఒక చక్రం వడ్ల మీద, ఒక చక్రం తారు మీద ఉన్నప్పుడు గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే వెనక చక్రాల కారు పక్కకు తిరిగిపోతుంది. రాత్రి అయితే ఇంకా పెద్ద ముప్పు. కుప్పలు చేసి, నల్లని టార్పాలిన్ కప్పి, చుట్టూ బండరాళ్లు పేర్చి ఉంచుతారు. నల్లటి రోడ్డు మీద నల్లటి కుప్ప, అంచున తలకాయంత రాళ్లు. ఎత్తైన ఎస్‌యూవీకి ఆ రాయి టైరుకో బంపర్‌కో తగులుతుంది. నేలకు, అడుగుభాగానికి మధ్య 120 మిల్లీమీటర్ల ఎత్తే ఉన్న కారుకు నేరుగా ఆయిల్ ప్యానుకు, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టికి, తగులుతుంది. ఆయిల్ ప్యాను పగిలి లైటు వెలిగాక కూడా నడిపితే ఇంజిన్ మొత్తం పోతుంది.

పాలమూరు వైపు, ముఖ్యంగా నారాయణపేట, మక్తల్ ప్రాంతంలో మరొకటి చూస్తాం. కంది, ఉలవ, జొన్న వంటివి కోసి, వచ్చేపోయే బండ్ల చక్రాల కింద నలిగేటట్టు రోడ్డు మీద పరుస్తారు. మామూలు కారుకే ఇది మంచిది కాదు, కిందికుండే కారుకు అస్సలు పనికిరాదు. ఎండిన కట్టె, గడ్డి అడుగుభాగంలో చిక్కుకొని డ్రైవ్ షాఫ్టుకు చుట్టుకుంటుంది, ఎగ్జాస్టుకు ఆనుకుంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల వేడి 400 డిగ్రీలు దాటి ఉంటుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి అంత వేడి కూడా అక్కర్లేదు. రోడ్డంతా పరిచి ఉంటే ఆగి, పక్కకు జరిపించుకొని పోవాలి, లేదా వెనక్కి తిప్పాలి. తెలియక ఎక్కించేస్తే కిలోమీటరు లోపే, గడ్డి లేని జాగాలో ఆపి టార్చి వేసి అడుగు చూడాలి. వేడిగా ఉన్నప్పుడు చేత్తో లాగొద్దు, పొడవాటి కట్టెతో లాగాలి. మంటలార్పే రెండు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండరు సీటు ముందు అందేచోట ఉండాలి. డిక్కీలో సామాన్ల కింద ఉంటే లేనట్టే.

డిసెంబరు నడిమికి కోతలు అయిపోతాయి, రోడ్లు ఖాళీ అవుతాయి. కానీ వెంటనే యాసంగి దమ్ములు మొదలవుతాయి. కేజీవీల్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) ట్రాక్టర్లు పొలం నుంచి నేరుగా తారు ఎక్కితే రెండు పనులు జరుగుతాయి: తారు మీద అడ్డంగా గాట్లు పడతాయి, బురద గడ్డలు రాలతాయి. ఎండిన గడ్డ ఇటుకంత గట్టిగా ఉంటుంది, తడి గడ్డ సబ్బులా జారుతుంది. కాలువ కింద ఊళ్లలో జనవరి అంతా ఇది ఉంటుంది. కాలువ లేని దేవరకొండ, కల్వకుర్తి మెట్ట ప్రాంతాల్లో చాలా తక్కువ.

వెనక లైటు లేని ట్రాలీల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పత్తి నింపిన డీసీఎంలు, ట్రాక్టర్లు చిట్యాల, నల్లగొండ వైపు జిన్నింగు మిల్లులకు రాత్రిపూటే కదులుతాయి. బోరాలు ట్రాలీ అంచు దాటి రెండు వైపులా ఉబ్బి ఉండటంతో ఇండికేటర్లు కూడా కనపడవు.

పొగమంచులో ఎంత వేగం

కృష్ణ, మూసీ, డిండి నదుల పక్కన, పెద్ద చెరువుల కట్టల మీద డిసెంబరు, జనవరిల్లో ఐదు నుంచి ఎనిమిది గంటల మధ్య మంచు దట్టంగా దిగుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ముందున్నది కనపడి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర, అంటే 42 మీటర్లు. ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు ఆగడానికి మరో 40. మొత్తం 80 మీటర్ల పైమాట. 50 మీటర్లే కనపడుతుంటే, రోడ్డు మంచుకు తడిసి ఉంటే, 58 కి.మీ. దాటితే కనపడిన దాన్ని గుద్దడం ఖాయం. వడ్లో బురదో కూడా ఉండొచ్చు కాబట్టి 40 కి.మీ. సరైన వేగం.

ఇంత చెప్పినా, మంచులో స్పోర్ట్స్ కారును బయటికి తీయకపోవడమే మా సలహా. మీరు చూడగలగడం సగమే, లారీ డ్రైవరుకు మీరు కనపడాలి. నడుమెత్తు కారు, బూడిదరంగు పెయింటు, మంచు. తప్పకపోతే లో బీమ్, ఫాగ్ లైట్లు వేసుకోండి. హై బీమ్ మంచు మీద పడి కళ్లకే తిరిగొస్తుంది. కదులుతున్న కారుకు హజార్డ్ లైట్లు వేస్తే ఇండికేటర్ పనిచేయదు, వెనకవాళ్లు ఆగిందనుకుంటారు. అద్దం లోపలివైపు రోజూ పొడిబట్టతో తుడవాలి, ఏసీ వేసి గాలిని అద్దం మీదికి పంపాలి.

ఏ రోడ్డు సరే, ఏ రోడ్డు వద్దు

జాతీయ రహదారి 44, షాద్‌నగర్ నుంచి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి వంతెన దాకా, ఈ ప్రాంతంలో స్పోర్ట్స్ కారుకు అన్నిటికంటే అనువైన దారి. మధ్యలో డివైడర్ ఉంటుంది, వంపులు సాఫీగా ఉంటాయి. పొద్దున ఎనిమిదిన్నర తర్వాత తీసి సాయంత్రం ఐదున్నరకు ఇంటికి చేరేలా చూసుకుంటే చలికాలమంతా నడపొచ్చు. నాలుగు వరుసల రహదారి మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100 కి.మీ., బోర్డు మీద తక్కువ ఉంటే అదే.

జాతీయ రహదారి 65, చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ. రోడ్డు బాగుంటుంది గానీ రద్దీ ఎక్కువ, ఊళ్ల దగ్గర డివైడర్ సందుల్లో బైకులు అడ్డంగా వస్తాయి. సంక్రాంతికి ముందు మూడు రోజులు, పండగయ్యాక తిరుగు ప్రయాణం రోజులు ఈ దారిలో స్పోర్ట్స్ కారు అసలు పెట్టొద్దు. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్ల దగ్గర గంటల తరబడి అడుగడుగునా ఆగుతూ పోతుంటే డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు వేడెక్కిపోతుంది, మాన్యువల్ అయితే క్లచ్ ప్లేటు కాలుతుంది. రెండేళ్లకోసారి ఫిబ్రవరి ప్రాంతంలో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర జరిగే రోజుల్లో సూర్యాపేట దగ్గర బండ్లను వేరే దారుల్లోకి మళ్లిస్తారు. ఆ దారులు మీ కారు ఎత్తుకు సరిపోవు.

నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ పక్కగా మిర్యాలగూడ, వాడపల్లి వైపు పోయే అద్దంకి రోడ్డు పగలు సరే. సిమెంటు లారీలు, రైసు మిల్లుల లారీలు ఎడతెగకుండా పోతాయి, వాటి టైర్ల నుంచి కంకర ఎగిరి బానెట్‌కు, అద్దానికి తగులుతుంది. ముందు లారీకి కనీసం 60 మీటర్ల ఎడం ఉంచాలి. ఈ దారిలో తరచూ తిరిగేవాళ్లు ముందు బంపర్, బానెట్, సైడ్ మిర్రర్ల వరకైనా పెయింటును కాపాడే ఫిల్ము వేయించుకోవాలి.

శ్రీశైలం దారి గురించి అందరూ అడుగుతారు. డిండి దాటి, మన్ననూరు నుంచి అమ్రాబాద్ అడవిలో దోమలపెంట, ఈగలపెంట దాకా మలుపుల దారి. చలికాలం దానికి నిజంగా మంచి కాలం. కానీ మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు, గేటు తీయగానే బారులు తీరిన కార్లన్నీ ఒక్కసారే బయల్దేరుతాయి. తొమ్మిది గంటల తర్వాత అడవిలోకి అడుగుపెడితే మంచు విడుస్తుంది, రద్దీ తగ్గుతుంది. కార్తీక మాసం, శివరాత్రి రోజులు వదిలేయండి. ఇది పులుల అభయారణ్యం. ఎగ్జాస్టు శబ్దం చూపించుకునే చోటు కాదు, స్పోర్ట్ మోడ్ ఆపి పోవాలి. కృష్ణ దగ్గరికి దిగే ఘాటులో బ్రేకు మీద కాలు నానబెట్టకుండా గేరు తగ్గించి దిగాలి. బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ముందు అది మార్పించండి. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలకు మరుగుతుంది, తేమ పీల్చుకున్నాక అది 155కు దిగొచ్చు.

నకిరేకల్, నల్లగొండ, హాలియా, సాగర్ దారి డిసెంబరు నడిమి తర్వాత పగటిపూట సరే. మిగిలిన మండల రోడ్లు, చెరువు కట్టలు, కాలువ గట్టు రోడ్లు ఏ నెలలోనూ వద్దు.

స్పీడ్ బ్రేకర్ లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ముందు వెనక చక్రాల మధ్య 2.7 మీటర్లున్న కారు దాని నడుమున ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ ఇంకా వంపు మీదే ఉంటాయి. అందువల్ల కారు కడుపు కింద తగ్గే ఎత్తు ఐదున్నర సెంటీమీటర్లకు మించదు. 12 సెంటీమీటర్ల ఎత్తున్న కారు నిశ్చింతగా దాటుతుంది.

మన ఊళ్లలో వేసేది వేరు. అడుగున్నర, రెండడుగుల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు. ముందు చక్రాలు దిగిపోతాయి, వెనకవి ఇంకా ఎక్కవు, మొత్తం 15 సెంటీమీటర్లూ కడుపు కిందే నిలబడతాయి. 12 సెంటీమీటర్ల కారు తగలక తప్పదు. స్విఫ్ట్‌కు 16.3 సెంటీమీటర్లు ఉంది కాబట్టి దాటుతుంది, అది కూడా ఐదుగురు కూర్చోకపోతే. ఫ్రంట్ లిఫ్ట్ ఉన్న కారుకు కూడా ఇక్కడ పూర్తి రక్షణ లేదు. అది ముక్కును నాలుగు సెంటీమీటర్లు లేపినా నడుము దగ్గర రెండే లేస్తుంది. ఏటవాలుగా ఎక్కిస్తే ఒక్కో చక్రం ఒక్కోసారి పైన ఉండి కడుపు కొంత లేస్తుంది, కానీ రోడ్డు మొత్తం కావాలి, ఎదురు బండి లేదని చూసుకోవాలి. బ్రేకు మీద కాలుంచి ఎక్కిస్తే ముక్కు కిందికి వంగుతుంది. ముందే ఆపి, కాలు తీసి, దొర్లనివ్వాలి.

మీ ఇంటి నుంచి నాలుగు వరుసల రోడ్డు దాకా ఇలాంటివి ఎన్నున్నాయో ఒకసారి మామూలు కారులో టేపు పట్టుకొని చూసిరండి. కారు ఎత్తు కంటే ఎక్కువున్నది ఒక్కటున్నా, ఆ కారును రోజూ వాడే ఆలోచన మానుకోవడం మంచిది.

మూడు దారుల్లో మీకు ఏది

రోజూ వాడటం: నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల పట్టణంలో ఇల్లుండి, పని కూడా పట్టణంలోనో ప్రధాన రహదారి పక్కనో ఉన్నవాళ్లకు, అదీ పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, ఆక్టేవియా ఆర్ఎస్ వంటి తేలికపాటి స్పోర్ట్స్ కార్లకు ఇది నడుస్తుంది. మస్టాంగ్, బాక్‌స్టర్, జెడ్4 వంటి కార్లకు మేం చెప్పం. రెండు కిలోమీటర్ల మార్కెట్ ప్రయాణాల్లో ఆయిల్ వేడెక్కదు, పెట్రోలు, తేమ అందులో కలిసిపోతాయి. ఇంజిన్ అలా రోజూ కొంచెం కొంచెంగా అరుగుతుంది.

వారానికి ఒకటి రెండుసార్లు వాడి, మిగతా పనులకు మామూలు కారు తీయడం: ఎక్కువమందికి ఇదే సరైనది. ఒక్కసారి తీస్తే కనీసం 40 కిలోమీటర్లు, ఆయిల్ బాగా వేడెక్కేలా నడపాలి. దానివల్ల బ్యాటరీ నిండుతుంది, బ్రేకు డిస్కుల మీది పలచని తుప్పు పోతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోవు. తిరిగే కిలోమీటర్లు తక్కువైతే ఇన్సూరెన్సులో నడిపిన దూరాన్ని బట్టి ప్రీమియం కట్టే వెసులుబాటు అడగండి. 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దానికి అనుమతిచ్చింది. కన్వర్టిబుల్ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, మన ఎండల్లో టాప్ తీసి పగలు తిరగగలిగేది ఈ మూడు నెలలే. పొద్దున మంచుకు తడిసిన గుడ్డ టాప్‌ను మాత్రం ఆరకముందు మడవొద్దు, బూజు పడుతుంది.

పూర్తిగా నిలపడం: రెండు నెలలకు పైగా ఊళ్లో లేనివాళ్లకు, ఇల్లు కాలువ కింది గ్రామంలో ఉండి బయటికి వేరే దారి లేనివాళ్లకు. కాపాడుకుందామని నిలిపేవాళ్లు ఒక సంగతి గుర్తించాలి. మన పల్లెల్లో నిలిపిన కారుకు ఎలుకలు చేసే నష్టం నడిపిన కారుకు రాళ్లు చేసే నష్టం కంటే పెద్దది.

నిలిపితే ఎలా నిలపాలి

షెడ్డు ఎంపికే ముఖ్యం. యూరియా, పొటాష్ బస్తాలున్న కొట్టంలో కారు పెట్టొద్దు. పొటాష్ ఎరువంటే పొటాషియం క్లోరైడ్, చలిదేశాల రోడ్డు మీద చల్లే ఉప్పుకు దగ్గరి చుట్టమే. తేమతో కలిసి అదే పని చేస్తుంది. పశువుల కొట్టం, కోళ్ల ఫారం పక్క జాగా కూడా వద్దు, అమ్మోనియా రాగి తీగల కొసలను తినేస్తుంది. మట్టి నేలైతే మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి దానిమీద నిలపండి. పైన టార్పాలిన్ కప్పొద్దు, లోపల చెమ్మ పట్టి పెయింటు పొంగుతుంది. గాలాడే గుడ్డ కవరే కప్పాలి.

కడిగేటప్పుడు బోరు నీళ్లు వాడొద్దు. మన జిల్లాల బోరు నీళ్లలోని ఉప్పులు ఆరాక తెల్లటి మచ్చలై పెయింటులోకి దిగుతాయి. నల్లా నీళ్లతో కడిగి, ఆరకముందే మైక్రోఫైబర్ బట్టతో తుడవాలి. కూలెంట్ తగ్గినా ఆ నీళ్లు పోయొద్దు, రెడీమిక్స్ కూలెంటో డిస్టిల్డ్ వాటర్ కలిపినదో పోయాలి.

నిలిపే ముందు ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు పేరుకొని ఉంటాయి. ట్యాంకు దాదాపు నిండా నింపాలి. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో ఖాళీ తక్కువైతే ఆ పని తగ్గుతుంది. మూడు నెలలు దాటేలా ఉంటే ఫ్యూయల్ స్టెబిలైజర్ కలిపి పది కిలోమీటర్లు నడిపాక నిలపాలి. టైర్లలో ఐదారు పీఎస్ఐ ఎక్కువ నింపాలి, టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటొద్దు. రెండు వారాలకోసారి కారును పావు చక్రం జరపాలి. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో ఉంచి, చక్రాలకు చెక్కలు పెట్టాలి. వేస్తే ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయి.

నిలిపిన కారు కూడా కరెంటు తాగుతుంది. 50 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెలకు సగం ఖాళీ. బ్యాటరీ మెయింటెయినర్ పెట్టడమే మార్గం, ఏజీఎం బ్యాటరీకి ఏజీఎం మోడ్ ఎంచుకోవాలి. 911, బాక్‌స్టర్ వంటి పోర్షేల్లో బ్యాటరీ ముందు డిక్కీ కింద ఉంటుంది, ఆ డిక్కీ తెరవాలంటే కరెంటు కావాలి. బ్యాటరీ చచ్చాక ఫ్యూజు బాక్సులోని అత్యవసర టెర్మినల్‌కు బయటి బ్యాటరీ తగిలించి తెరవాలి. అది ఎక్కడుందో నిలిపే ముందే మాన్యువల్‌లో చూసుకోండి. ఫ్రేము లేని తలుపుల కార్లలో చచ్చిన బ్యాటరీతో తలుపు లాగి మూస్తే అద్దం కిందికి దిగక రబ్బరుకు కొట్టుకుంటుంది.

ఎలుకలకు నాఫ్తలీన్ గోళీలు, పొగాకు కాడలు నమ్ముకోవద్దు. కోతలయ్యాక పొలంలో తిండి అయిపోయి ఎలుకలు ఇళ్ల మీదికి వస్తాయి, సరిగ్గా మీరు కారు నిలిపే సమయానికే. షెడ్డులో వడ్లు, దాణా, పల్లీల సంచులు లేకుండా చూడాలి. ఎయిర్ ఫిల్టర్ గొట్టం మూతికి, ఎగ్జాస్టు గొట్టాలకు సన్న రంధ్రాల ఇనుప జాలీ కట్టి, స్టీరింగుకు ఎర్ర గుడ్డ ముక్క కట్టండి, స్టార్ట్ చేసే ముందు తీయడం మర్చిపోకుండా. నాలుగు చక్రాల పక్కన బోన్లు పెట్టి రోజూ చూడాలి. విషం పెడితే ఎలుక డ్యాష్‌బోర్డు లోపలికి పోయి చస్తుంది, ఆ వాసన పోవాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి.

వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడిచాక ఆపేసే అలవాటు మంచిది కాదు. స్టార్టింగుకు పోయిన చార్జింగు తిరిగి నిండదు, ఎగ్జాస్టులో నీరు చేరుతుంది. తీస్తే అరగంట నడపాలి, లేకపోతే ముట్టొద్దు.

మళ్లీ బయటికి తీసే రోజు జాలీలు విప్పి, బానెట్ లోపల తీగలు, గొట్టాలు టార్చితో చూసి, టైరు గాలి మామూలుకు తగ్గించి, పార్కింగు జాగాలో మరకలున్నాయేమో చూడాలి. మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా పోతూ ఐదారుసార్లు బ్రేకు మెత్తగా వేస్తే డిస్కుల తుప్పు రాలిపోతుంది. గరగర శబ్దం ఆ తర్వాత కూడా ఆగకపోతే ప్యాడ్లు విప్పి చూపించాలి. ఈ కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, సీలెంట్ డబ్బా, చిన్న కంప్రెసర్ మాత్రమే ఉంటాయి. సర్కారు తుమ్మ ముల్లు పక్కగోడలో దిగితే సీలెంట్ పనిచేయదు. అప్పుడు కారును తాడు కట్టి లాగించొద్దు, ఫ్లాట్‌బెడ్ వాహనమే పిలిపించాలి. దాన్ని ఎక్కించడానికి స్క్రూలా తిప్పి బిగించే టో హుక్కు టూల్ కిట్‌లో ఉందో లేదో, పాత కారు కొన్నవాళ్లు ముఖ్యంగా, బయల్దేరే ముందే చూసుకోవాలి.